అమెరికన్ ఫుట్‌బాల్ బంతిలో చిప్ ఉండగా స్పాట్‌ను (బంతి ఆగిన చోటును) మనిషి కంటికే ఎందుకు వదిలేస్తున్నారు?

బఫలో అభిమాని (ప్రశ్న):
2025 జనవరి 26న కాన్సాస్ సిటీలో జరిగిన, ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లోని ఏఎఫ్‌సీ విభాగపు ఛాంపియన్‌షిప్ మ్యాచ్ నా మనసులోంచి ఇప్పటికీ పోవడం లేదు. నాలుగో క్వార్టర్ మొదట్లో మా జట్టు బిల్స్ 22-21తో ముందున్నారు. ఫోర్త్ డౌన్‌లో, అంటే పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానిలో, ఒక్క గజం కోసం మా జాష్ ఆలెన్ బంతిని పొట్టకు అదుముకుని గుంపులోకి దూరాడు. కొద్దిలో అందలేదని అధికారులు తేల్చారు, రీప్లే చూసినా నిర్ణయం మారలేదు, చివరికి ప్రత్యర్థి చీఫ్స్ 32-29తో గెలిచారు. 2017 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ బంతుల్లో రేడియో సంకేతాలతో స్థానం తెలిపే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ ఉంటోంది కదా, దాన్ని అడిగితే సరిపోదా?

సెన్సర్ల ఇంజినీరు:
సరిపోదండీ. చిప్ చెప్పే స్థానంలో సుమారు ఆరంగుళాల తేడా ఉండవచ్చు. పైగా లెక్కలోకి వచ్చేది బంతి ముందు కొన. దాదాపు పదకొండు అంగుళాల పొడవున్న బంతి ఆ క్షణంలో నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అన్నదాన్ని బట్టే ఫస్ట్ డౌన్ (పది గజాలు దాటి మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కడం) తారుమారవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు సమయం: ఆటగాడి మోకాలు ఎప్పుడు నేలను తాకి ఆట ఆగిందో బంతిలోని చిప్‌కు తెలియదు, ఆటగాణ్ణి వెనక్కి నెట్టేస్తే అంతకుముందు అతను ఎంతవరకు చేరాడో చూసి నిర్ణయించాల్సింది మళ్లీ అధికారే. క్రికెట్‌లో కెమెరాలతో బంతి దారిని లెక్కించే హాక్-ఐ నమ్మకంగా పనిచేయడానికి కారణం, బంతి గాలిలో అందరికీ కనబడుతూ రావడం; అక్కడ కూడా అంచు మీది ఎల్‌బీడబ్ల్యూలను అంపైర్స్ కాల్‌కే వదిలేశారు.

చైన్ పట్టే నాన్న:
మా అబ్బాయి హైస్కూలు మ్యాచ్‌లకు నేను రెండేళ్లుగా పది గజాల దూరం కొలిచే చైన్ పట్టుకుంటున్నాను. ప్రతి ఫస్ట్ డౌన్‌కూ చైన్ మీద దగ్గరి ఐదు గజాల గీత దగ్గర ఒక క్లిప్ పెడతాం. కొలవాల్సి వచ్చినప్పుడు ఆ క్లిప్‌ను వేళ్లతో గట్టిగా పట్టుకుని మైదానం మధ్యకు తెచ్చి, అదే గీత మీద ఆనించి, చైన్‌ను బిగుతుగా లాగుతాం. అంత జాగ్రత్తగా కొలిచే ఆ బంతిని అంతకు నిమిషం ముందు ఒక మనిషి పరుగెత్తుకొచ్చి, పాదం ఆనించి, కంటి అంచనాతో పెట్టి ఉంటాడు.

2025 సీజన్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ హాక్-ఐతో, ప్రతి స్టేడియంలో ఆరు 8కే కెమెరాలతో కొలుస్తోంది. ఫలితం సుమారు ముప్పై సెకన్లలో వస్తుంది, చైన్లు పక్కన సిద్ధంగానే ఉంటాయి. నాకది సంతోషమే, కానీ మారింది కొలత మాత్రమే. స్పాట్ ఇప్పటికీ మనిషి చేతిలోనే ఉంది.

పాత సెయింట్స్ అభిమాని:
రీప్లేకు కూడా హద్దు ఉందని మేము కళ్లారా చూశాం. 2019 జనవరిలో మా సెయింట్స్ జట్టు రామ్స్‌తో ఆడిన మ్యాచ్‌లో మాకు దక్కాల్సిన పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పాస్ అందుకోబోయే ఆటగాణ్ణి ముందే అడ్డుకోవడం) పెనాల్టీ ఇవ్వలేదు. దాని తర్వాత ఆ ఫౌల్‌ను కూడా రీప్లేలో సవాలు చేసే వీలు కల్పించి, ఒక్క సీజన్‌తోనే ఎత్తివేశారు. తాకిడి ఎంత ఉంటే తప్పు అన్నది వీడియోలో కూడా అభిప్రాయమే. స్పాట్ అలా కాదు, బంతి ఒక చోట ఉండే తీరాలి. అందుకే యంత్రానికి అప్పగించాల్సిన మొదటి పని అదేనని నేను అంటాను.

బఫలో అభిమాని:
ఇంజినీరు గారూ, మోకాలు తాకిన క్షణాన్ని వీడియోలో మనిషే గుర్తించి, అదే క్షణానికి చిప్ చూపిన స్థానాన్ని తీసుకుంటే?

సెన్సర్ల ఇంజినీరు:
సమయం చిక్కు చాలావరకు తీరుతుంది, మోకాలు ఏదో ఒక కెమెరాకు కనబడితే. ఆరంగుళాల తేడా మాత్రం అలాగే మిగిలిపోతుంది, ఆలెన్‌కు తగ్గిందన్న దూరం అంతకంటే ఎక్కువేమీ కాదు.