2020 కాలేజీ ఫుట్‌బాల్: మైదానంలో సోకిన కేసులను వేరు చేసేదెలా?

కోవిడ్ వేళ అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడించడం సబబేనా అని లెక్క కడుతూ ఒకచోట ఆగిపోయాను. బిగ్ టెన్ అనే యూనివర్సిటీల క్రీడా కూటమిలో అప్పుడు రోజూ యాంటిజెన్ (త్వరగా ఫలితం ఇచ్చే) పరీక్ష. పాజిటివ్ వస్తే పీసీఆర్‌తో నిర్ధారణ, గుండెకు ఎంఆర్ఐ, కనీసం 21 రోజులు ఆటకు దూరం. ఎస్ఈసీ అనే మరో కూటమిలో వారానికి 3 పరీక్షలే. కాబట్టి పాజిటివిటీ శాతాలు పోల్చలేం, రోజూ పరీక్షిస్తే హారం ఉబ్బి శాతం పడిపోతుంది. (బిగ్ టెన్ జట్లకు పెట్టిన 5 శాతం పాజిటివిటీ గీత కూడా పరీక్షల సంఖ్య మీదే, మనుషుల మీద కాదు.)

వారంవారీ కొత్త కేసులను జట్టు సభ్యుల సంఖ్యతో భాగించి, అదే క్యాంపస్ విద్యార్థులతో పోల్చాను. చాలాచోట్ల ఆ విద్యార్థులకు అంత తరచుగా పరీక్షలే లేవు, పోలిక చెల్లలేదు. మ్యాచ్ తర్వాత 2–14 రోజుల కేసులు విడిగా తీసినా హాస్టళ్లలో, పార్టీల్లో సోకినవి అందులోనే కలిసిపోతున్నాయి.

వైరస్ జన్యుక్రమ వివరాలు లేకుండా, ఆటలో సోకిన కేసులను విడదీయడానికి ఏ పద్ధతి వాడాలి?