మూడోసారి చేరిన పేషెంట్‌తో నర్సులు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా?

హనుమకొండ_శ్రీను

మా బావ మందు మానడానికి మూడోసారి డి-అడిక్షన్ వార్డులో చేరాడు. చేరిన రోజే ఒక సిస్టర్ అందరి ముందూ "మళ్లీ వచ్చావా? పెళ్లాం పిల్లల్ని చూసైనా సిగ్గనిపించదా?" అని దులిపేసింది. సాయంత్రం డ్యూటీకి వచ్చిన ఇంకో సిస్టర్ మంచం పక్కన కూర్చుని, అన్నం తిన్నారా, నిద్ర పడుతోందా అని అడిగింది. చేతులు వణుకుతుంటే గ్లాసు తనే పట్టుకుని నీళ్లు తాగించింది. మా అమ్మ దృష్టిలో మొదటి ఆవిడే మంచి నర్సు. నలుగురిలో మాట పడితే గానీ బుద్ధి రాదంటుంది. నాకు రెండో ఆవిడ పద్ధతి నచ్చింది, కానీ అమ్మని ఒప్పించేలా చెప్పలేకపోతున్నాను. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, ఇంట్లో ఈ బాధ పడినవాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

తెనాలి_పద్మ

నేను మీ అమ్మగారి పక్షమే తమ్ముడూ. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా ఆయనంత బుద్ధిమంతుడు లేడు. సిస్టర్లందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. ఇంటికొచ్చాక మళ్లీ సీసా తెచ్చుకుంటే నేను అడిగాను. "ఇది జబ్బని సిస్టరే చెప్పింది, నన్నేమీ అనొద్దు" అన్నాడు. ఆయన మంచం దగ్గర కూర్చోవడానికి మనుషులున్నారు. వార్డు బయట బెంచీ మీద రాత్రంతా కూర్చున్న నన్ను, తిన్నావా అమ్మా అని ఒక్కరూ అడగలేదు. పిల్లల ఫీజు డబ్బులు తాగేసిన మనిషికి అంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాదు.

నైట్_డ్యూటీ_సిస్టర్

పద్మగారూ, మిమ్మల్ని ఎవరూ పలకరించకపోవడం మా వృత్తిలో జరుగుతున్న పెద్ద తప్పు. దాని గురించి మళ్లీ రాస్తాను. ముందు శ్రీను అడిగినదానికి జవాబు చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రాణం పోయే విషయం ఒకటి ఉంది.

మద్యానికి అలవాటుపడిన మనిషి ఒక్కసారిగా మానేస్తే, ఆఖరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నదీ తెలియదు, లేనివి కనిపిస్తాయి, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. మేం డీటీ అంటాం. సరైన వైద్యం అందకపోతే దీంతో చనిపోతారు కూడా. అందుకే కేస్ షీట్‌లో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నలు రెండు: ఆఖరిసారి ఎప్పుడు తాగారు, రోజుకి ఎంత తాగుతారు. వణుకు తగ్గించే మందు మోతాదు, రాత్రి ఎన్నిసార్లు వెళ్లి చూడాలన్నది, అన్నీ ఈ జవాబుల మీదే ఆధారపడతాయి.

నలుగురిలో తిట్లు తిన్నవాడు ఈ ప్రశ్నలకి ఏం చెబుతాడు? "మానేసి వారమైంది సిస్టర్, అప్పుడప్పుడూ ఒక క్వార్టర్, అంతే" అంటాడు. పొద్దున్నే తాగి వచ్చి ఉంటాడు. వారం దాటిందంటే ప్రమాదం తప్పిందనుకుంటాం. అర్ధరాత్రి ఫిట్స్ వచ్చి మంచం మీద నుంచి పడతాడు. నేను మాత్రం పక్కన కూర్చుని, "నిన్ను తిట్టడానికి రాలేదన్నా, మందు సరిగ్గా వేయాలంటే నాకు నిజం కావాలి" అంటాను. చాలామంది అక్కడే నిజం చెప్పేస్తారు.

కల్లు విషయం ఇంకా కష్టం. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని అందరికీ తెలిసిందే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుస కట్టింది ఇందుకే. తాగేది కల్లేనని పేషెంట్ అనుకుంటాడు, కానీ ఒంటికి అలవాటైంది మత్తుమాత్ర. ఏ దుకాణంలో తాగుతాడు, ఆ కల్లు తాగాక ఎంతసేపు నిద్రపోతాడు, దొరక్కపోతే ఏమవుతుంది అని ఓపిగ్గా అడిగితేనే ఇది బయటపడుతుంది.

మెత్తగా మాట్లాడటమంటే అడిగినవన్నీ ఇచ్చేయడం కాదు. నేను సంచులు వెతుకుతాను. చూడటానికి వచ్చినవాళ్ల కూల్‌డ్రింక్ సీసా మూత తీసి వాసన చూస్తాను. శానిటైజర్ మంచం దగ్గర ఉంచను. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు, మర్చిపోకూడదు. ఇంకో నిద్రమాత్ర ఇమ్మని కాళ్లు పట్టుకున్నా డాక్టర్ రాయనిది ఇవ్వను. ఇవన్నీ చేయడానికి ఒక్క తిట్టు కూడా అక్కర్లేదు.

వార్డ్_బ్రదర్_విశాఖ

సిస్టర్ రాసినదాంట్లో వైద్యం గురించి నాకు అభ్యంతరం లేదు. కానీ పక్కన కూర్చుని మాట్లాడటానికి టైం ఎక్కడుంది? వార్డు నిండా పేషెంట్లు, రాత్రికి ఒక్కరే స్టాఫ్. డీటీలో ఉన్న మనిషి సెలైన్ స్టాండ్ పీకి మీదకి వస్తాడు. మా తోటి సిస్టర్‌కి మొహం మీద దెబ్బ తగిలింది. వాడిని మంచానికి కట్టేశాం, తెల్లారాక బంధువులు వచ్చి మా మీదే అరిచారు. ముందు మాకు రక్షణ ఇవ్వండి, తర్వాత దయ గురించి చెప్పండి.

కర్నూలు_లా

ఒక్క మాట బ్రదర్. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే సమస్యలకి కూడా వర్తిస్తుంది. 97వ సెక్షన్ ప్రకారం, వెంటనే జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి, దానికి సైకియాట్రిస్ట్ అనుమతి ఉండాలి. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువున్నారన్న కారణం చెప్పి కట్టకూడదని కూడా అందులోనే ఉంది. బలవంతంగా గుండు గీయడాన్ని కూడా ఇదే చట్టం నిషేధించింది. కొన్ని ప్రైవేట్ సెంటర్లవాళ్లు ఇది చదవాలి.

వార్డ్_బ్రదర్_విశాఖ

చట్టం రాసినవాళ్లు ఆ రాత్రికి ఇంకో మనిషిని కూడా ఇచ్చుంటే బాగుండేది. మీ మాట తప్పనను. కానీ తిట్టే నర్సు చెడ్డదై తిట్టదు, అలసిపోయి తిడుతుంది. ఆ సంగతి ఎవరూ రాయడం లేదు.

నైట్_డ్యూటీ_సిస్టర్

బ్రదర్ చెప్పింది నిజం. సిబ్బందిని పెంచమని అడగాల్సిందే, నేనూ అడుగుతున్నాను. కానీ సాయంత్రమే నిజం రాబట్టి, మోతాదు సరిగ్గా పడితే, అర్ధరాత్రి స్టాండ్ పీకేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. రౌండ్స్ ముందు ఒక్కొక్కరి దగ్గరా కాసేపు కూర్చోవడం నా రక్షణ కోసం కూడా.

మూడోసారి రావడం గురించి: 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మీ బావ ఆ ఒక్కడు శ్రీనూ. బీపీ మందు మధ్యలో ఆపేసి మళ్లీ వచ్చినవాడిని వార్డులో ఎవరూ సిగ్గులేదా అనరు కదా.

తెనాలి_పద్మ

సిస్టర్, ఫిట్స్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే మా ఆయన పొద్దున్నే తాగిన విషయం నేనే చెప్పేదాన్ని, పరువు పోతుందని దాచాను. అయినా తిట్టిన సిస్టర్ మీద నాకు కోపం లేదు, ఆవిడ నా తరఫున మాట్లాడినట్టు అనిపించింది. ఇంకొకటి అడుగుతాను. తాగితే వాంతులయ్యే మాత్ర ఉంది, కూరలో తెలియకుండా కలిపెయ్ అని మా ఆడపడుచు అంటోంది. కలపొచ్చా?

నైట్_డ్యూటీ_సిస్టర్

వద్దమ్మా, దయచేసి కలపొద్దు. అది డైసల్ఫిరామ్. దాని మీద మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. తెలిసి వేసుకునేవాడు తాగకుండా జాగ్రత్తపడతాడు, తెలియనివాడు ఎప్పటిలాగే ఒక క్వార్టర్ లాగించేస్తాడు. డాక్టర్ పరీక్ష చేసి, ఆయన ఒప్పుకున్నాక, రోజూ మీ ఎదురుగా వేసుకునే ఏర్పాటు చేయొచ్చు.

ఈసారి వార్డుకి వెళ్తే, "నాతో కూడా విడిగా మాట్లాడండి" అని గట్టిగా అడగండి, అది మీ హక్కు. 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. మీకే నిద్రపట్టకపోయినా, టెన్షన్ భరించలేకపోయినా టెలిమానస్ 14416 ఉంది, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. ఆయన మానినా మానకపోయినా మీరు ఫోన్ చేయండి.

హనుమకొండ_శ్రీను

అమ్మకి సిస్టర్ రాసిందంతా చదివి వినిపించాను. తిట్లు తప్పని ఇంకా ఒప్పుకోలేదు. కానీ బావ ఆఖరిసారి ఎప్పుడు తాగాడో తనకి తెలుసట, కల్లు దుకాణానికి కూడా వెళ్తాడట. ఇప్పుడే వార్డుకి ఫోన్ చేసి చెప్పాం, డ్యూటీ సిస్టర్ కేస్ షీట్‌లో రాసుకున్నారు.