పాత చైన్‌సా సైలెన్సర్‌కి ఇంకో హోల్ వేస్తే నిజంగా పవర్ పెరుగుతుందా?

దుంగలరాజు:
అందరికీ నమస్తే అండి. నా దగ్గర పాత స్టిల్ 036 ఉంది, 61.5 సీసీ, 20 అంగుళాల బార్ (చైన్ తిరిగే పట్టీ), కార్బ్యురేటర్‌కి హెచ్, ఎల్ స్క్రూలు (ఫుల్ రేస్‌కి, తక్కువ రేస్‌కి పెట్రోల్ సర్దేవి) రెండూ తిప్పుకునే రకమే. స్టార్టింగ్‌కి ఇబ్బంది లేదు, ఐడిల్ కూడా బాగా నిలబడుతుంది, కానీ లావు దుంగలో బార్ మొత్తం దిగాక ఫుల్ రేస్ ఇచ్చినా ఊపిరాడనట్టు అయిపోయి చైన్ స్లో అయిపోతోంది. సైలెన్సర్ నుంచి పొగ బయటికొచ్చే రంధ్రం చూస్తే చాలా చిన్నది, అది పెద్దది చేస్తే బండి మారిపోతుందని కొందరు, లోపలి అడ్డరేకులు కూడా కోసేయమని ఇంకొందరు అంటున్నారు. చెయ్యొచ్చా, చేస్తే ఎంత వరకు చెయ్యాలి? ఇది నాకు చాలా ఇష్టమైన మెషిన్, పిస్టన్ పోగొట్టుకునే పని మాత్రం చెయ్యను.

పాతఇంజిన్:
చెయ్యొచ్చు అన్నా, కానీ డ్రిల్ తీసే ముందు సైలెన్సర్ విప్పి చూడు. పాత మెషిన్‌లో పవర్ తగ్గిందంటే నేను ముందు చూసేది మసి. నిప్పురవ్వలు ఆపే జాలీ ఉంటుంది కదా, ఆయిల్ ఎక్కువ కలిపినా, తక్కువ రేస్‌లో ఎక్కువసేపు నడిపినా దాని కళ్ళు మూసుకుపోతాయి, ఎగ్జాస్ట్ పోర్ట్ (సిలిండర్ నుంచి పొగ సైలెన్సర్‌లోకి పోయే దారి) అంచుల్లో కూడా గట్టిగా కార్బన్ పేరుకుంటుంది. జాలీ వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి పెట్టు, పోర్ట్ గీకాలంటే పిస్టన్ పైకి తెచ్చి పోర్ట్ మూసుకున్నాక చెక్కపుల్లతో గీకు, స్క్రూడ్రైవర్ వాడకు, పిస్టన్ మీద గీత పడితే అంతే.

పోర్ట్ లోంచి టార్చ్ వేసి పిస్టన్ కూడా చూసుకో. నిలువు గీతలు ఉంటే సైలెన్సర్ సంగతి పక్కన పెట్టి ముందు గాలి ఎక్కడ లీక్ అవుతోందో పట్టుకోవాలి, క్రాంక్ షాఫ్ట్ దగ్గరి రబ్బరు సీల్స్, కార్బ్యురేటర్‌ని సిలిండర్‌కి కలిపే రబ్బరు బూట్ పాత మెషిన్లలో గట్టిపడిపోయి పగులుతాయి. కంప్రెషన్ 150 పీఎస్‌ఐ దగ్గర ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే, 120 కిందకి వచ్చిందంటే ఎన్ని హోల్స్ వేసినా లాభం లేదు. ఇంకోటి, చైన్‌కి సాన సరిగ్గా ఉందా? పొట్టు పిండిలా వస్తుంటే తప్పు ఇంజిన్‌ది కాదు, పళ్ళది.

కొలతబద్ద:
పైన చెప్పినవన్నీ కరెక్ట్. అవన్నీ బాగుంటే ఈ మోడ్ (సైలెన్సర్‌లో మార్పు) నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే టూ స్ట్రోక్‌లో కాలిన గ్యాస్ బయటికి పోవడం, కొత్త మిక్చర్ లోపలికి రావడం దాదాపు ఒకేసారి జరుగుతాయి, బయట దారి ఇరుకైతే పాత పొగ సిలిండర్‌లోనే మిగిలిపోయి కొత్త మిక్చర్‌కి చోటుండదు. హై ఆర్‌పీఎంలో ఇది బాగా తెలుస్తుంది. అయితే ఒక మాట, మామూలుగా కొత్త మెషిన్లలో పొల్యూషన్ రూల్స్ కోసం సైలెన్సర్ బాగా బిగించేస్తారు, తేడా వాటిలో ఎక్కువ తెలుస్తుంది. పాతవి కొన్ని ముందే కాస్త వదులుగా ఉంటాయి కాబట్టి కొలవకుండా కోయొద్దు.

లెక్క ఎలాగంటే, ఎగ్జాస్ట్ పోర్ట్ వెడల్పు ఎత్తు వెర్నియర్‌తో తీసుకోండి. ఉదాహరణకి 36 మి.మీ. వెడల్పు, 14 మి.మీ. ఎత్తు అనుకుంటే 504 చదరపు మి.మీ. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అసలు కొంచెం తక్కువే. బయటికి పోయే దారి మొత్తం ఇందులో 70 నుంచి 80 శాతం ఉంటే చాలు అని చేసేవాళ్ళు అనుకునే లెక్క, అంటే సుమారు 380 చదరపు మి.మీ. ఇప్పుడున్న రంధ్రం 180 ఉంటే ఇంకో 200 కావాలి, 16 మి.మీ. హోల్ ఒకటి వేస్తే 201 వస్తుంది, అయిపోయింది. దాని మీద జాలీ పెడతారు కాబట్టి ఒక సైజు పెద్దది వేసినా పర్లేదు. అడ్డరేకులు మొత్తం తీసేయమనేవాళ్ళ మాట వినకండి, సౌండ్ విపరీతంగా పెరుగుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, వచ్చే పవర్ మాత్రం దానికి తగ్గట్టు ఉండదు.

హోల్ దిశ చాలా ముఖ్యం. పొగ ముందుకి, చేతులకి దూరంగా పోవాలి, ప్లాస్టిక్ బాడీ మీదకి గానీ ట్యాంక్ వైపు గానీ కింద పొట్టు మీదకి గానీ కొట్టకూడదు. సైలెన్సర్ విప్పి విడిగా పెట్టుకునే డ్రిల్ చెయ్యాలి, అంచులు ఫైల్‌తో సాఫ్ చేసి లోపల ఇనప రజను ఒక్కటి కూడా లేకుండా కడిగి గాలి కొట్టాలి. రజను వెనక్కి సిలిండర్‌లోకి పోయిందంటే బోర్ పాడైపోతుంది.

పాతఇంజిన్:
కొలతబద్ద గారు బాగా చెప్పారు కానీ అసలు పని హోల్ వేశాక మొదలవుతుంది, దాన్ని ఎవరూ వదిలేయకండి. గ్యాస్ ఈజీగా పోతుంటే ఇంజిన్ గాలి ఎక్కువ పీలుస్తుంది, పాత సెట్టింగ్‌లో మిక్చర్ లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు. లీన్‌లో మెషిన్ ఇంకా స్పీడ్‌గా తిరుగుతుంది కాబట్టి "అబ్బ పవర్ వచ్చింది" అనిపిస్తుంది, అలాగే నడిపితే కొద్దిసేపటికే పిస్టన్ పట్టేస్తుంది.

అందుకే హోల్ వేసిన వెంటనే, ఫుల్ రేస్ ఇవ్వకముందే హెచ్ స్క్రూ ఎడమ వైపుకి పావు తిప్పు వదులు చెయ్. ఇంజిన్ బాగా వేడెక్కాక, లోడ్ లేకుండా ఒక్క రెండు సెకన్లు ఫుల్ రేస్ ఇచ్చి విను. గరగరమని మధ్యలో తడబడుతున్నట్టు శబ్దం రావాలి, దాన్నే ఫోర్ స్ట్రోకింగ్ అంటారు. దుంగలో పెట్టి నొక్కితే ఆ గరగర పోయి స్మూత్‌గా లాగాలి. దుంగలో కూడా గరగర ఉంటే కొంచెం బిగించు, లోడ్ లేనప్పుడు సన్నగా కీచుమంటే వదులు చెయ్. టాకోమీటర్ ఉంటే కంపెనీ చెప్పిన మాక్స్ ఆర్‌పీఎం దాటనివ్వకు. స్క్రూలు లేని ఫిక్స్‌డ్ జెట్ కార్బ్యురేటర్ ఉన్నవాళ్ళు ఈ మోడ్ జోలికి వెళ్ళొద్దు.

అడవిగాలి:
చెవుల గురించి ఎవరూ రాయలేదేంటి. చైన్‌సా మామూలుగానే చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది, అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్కలో 100 డెసిబెల్స్‌కి రోజుకి 15 నిమిషాలే సేఫ్, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైం సగం అయిపోతుంది. హోల్ వేశాక చెవులకి మఫ్స్ లేకుండా దయచేసి ముట్టుకోవద్దు. జాలీ కూడా తీసెయ్యొద్దు, ఎండాకాలం ఎండుటాకుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు, చాలా చోట్ల అడవిలో జాలీ లేని మెషిన్ వాడనివ్వరు కూడా.

దుంగలరాజు:
అందరికీ థాంక్స్ అండి. సైలెన్సర్ విప్పాను, జాలీ సగానికి పైగా మసితో మూసుకుపోయి ఉంది! పిస్టన్ క్లీన్‌గా ఉంది, గీతలు లేవు, కంప్రెషన్ 150 చూపించింది. జాలీ శుభ్రం చేసి బిగించి చైన్‌కి సాన పట్టి కోస్తే ముందు కన్నా చాలా తేడా ఉంది, కానీ బార్ మొత్తం దిగినప్పుడు ఇంకొంచెం కావాలనిపిస్తోంది. హోల్ వేద్దామనే ఉంది. కొత్త హోల్ మీద జాలీ ఎలా నిలబెట్టాలి? వెల్డింగ్ మెషిన్ లేదు.

కొలతబద్ద:
వెల్డింగ్ అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ జాలీ ముక్క హోల్ కన్నా పెద్దగా కత్తిరించి, మధ్యలో అదే సైజు హోల్ ఉన్న స్టీల్ రేకు పైన పెట్టి రెండు స్టీల్ రివెట్లు కొట్టండి. అల్యూమినియం రివెట్లు ఆ వేడికి వదులైపోతాయి. రేకుని కొంచెం వంచితే పొగని పక్కకి తిప్పే డిఫ్లెక్టర్ కూడా అదే అవుతుంది. గాస్కెట్ కొత్తది వేసి, ఫస్ట్ ట్యాంక్ అయిపోయి చల్లారాక బోల్టులు మళ్ళీ బిగించండి.

ఇంకోటి, హోల్ వేయకముందే అదే దుంగ, అదే చైన్‌తో మూడు కోతల టైం ఫోన్‌లో నోట్ చేసుకోండి, ట్యూనింగ్ అయ్యాక మళ్ళీ మూడు కొయ్యండి. సౌండ్ పెరిగితే మనకి స్పీడ్ కూడా పెరిగినట్టే అనిపిస్తుంది, స్టాప్‌వాచ్ దగ్గరే అసలు తేడా తెలుస్తుంది. టైంలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.