అప్‌డేట్: ఈ6వి, పి.గ్లూ7వాల్ చిక్కు విడిపోయింది

సికిల్ సెల్ వ్యాధికి కారణమైన మ్యుటేషన్ (జన్యు మార్పు) ఒక ఫైల్‌లో ఈ6వి అనీ, ఇంకో ఫైల్‌లో పి.గ్లూ7వాల్ అనీ ఉంది, ప్రోగ్రామ్‌లో ఏది పెట్టాలి అని అడిగాను. రెండూ ఒకటే: గ్లుటమేట్ (ఈ) అనే అమైనో ఆమ్లం బదులు వాలిన్ (వి) రావడం. ఈ మార్పు ఉండే బీటా గ్లోబిన్ ప్రోటీన్‌లో మొట్టమొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్ (ఎం) ఆ తర్వాత తెగి పోతుంది. పాత లెక్క (ఈ6వి) దాన్ని వదిలేస్తుంది, మ్యుటేషన్లకు పేర్లు పెట్టే ప్రామాణిక హెచ్‌జీవీఎస్ పద్ధతి (పి.గ్లూ7వాల్) దాన్నే 1గా తీసుకుంటుంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ప్రోటీన్ సీక్వెన్స్ (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం) ఇలా మొదలవుతుంది: ఎం వి హెచ్ ఎల్ టి పి ఈ ఈ కె. పైథాన్ 0 నుంచి లెక్కపెడుతుంది కాబట్టి, పాత 6ని నేరుగా ఇండెక్స్‌గా ఇచ్చినా జవాబు కాకతాళీయంగా సరిపోతుంది. 7ని అలాగే ఇస్తే మాత్రం పక్కనున్న రెండో ఈ మారిపోతుంది. అక్కడా గ్లుటమేటే ఉంది గనుక "అసలు అక్షరం సరిపోయిందా" అన్న తనిఖీ కూడా ఎర్రర్ ఇవ్వదు. ఇది చాలా చెడ్డ తప్పు, కంటికి కనబడదు.

అందుకే వెర్షన్‌తో సహా ప్రామాణిక సీక్వెన్స్ రిఫరెన్స్ ఐడీ (ఎన్‌పీ_000509.1), అసలు అమైనో ఆమ్లం, 1 నుంచి లెక్కించిన స్థానం, మారిన అమైనో ఆమ్లం వేర్వేరు కాలమ్‌లలో పెట్టాను. పైథాన్ ఇండెక్స్ కోసం స్థానం నుంచి 1 తీసేసే పని ఒక్క ఫంక్షన్‌లోనే జరుగుతుంది. తనిఖీకి అటూ ఇటూ రెండేసి అక్షరాలు కలిపి, టిపిఈఈకె మొత్తం సరిపోవాలి. ఈ6వి పేరును చెరిపేయకండి. పాత పరిశోధన పత్రాల్లో వెతకాలంటే అదే కావాలి.