ఘనస్థితి సోడియం బ్యాటరీకి ఏ కాథోడ్ మేలు: పొరల ఆక్సైడా, ఫాస్ఫేటా?

విద్యుల్లత: సోడియం బ్యాటరీలో అయాన్లను మోసే ఎలక్ట్రోలైట్‌గా ద్రవానికి బదులు ఘనాన్ని వాడినప్పుడు, కాథోడ్‌గా, అంటే ధన ధ్రువంగా, పొరల ఆక్సైడ్ (లోహ ఆక్సైడ్ పొరల మధ్య సోడియం ఉండే పదార్థం) మేలా, సోడియం వెనేడియం ఫాస్ఫేట్ మేలా? ద్రవ బ్యాటరీల అనుభవం ఇక్కడ పనికివస్తుందా?

ఘటవేత్త: నేరుగా పనికిరాదు. ద్రవంలో రేణువు పగిలితే ఆ పగులులోకి ద్రవం చొరబడుతుంది; ఘనంలో రేణువు కుంచించుకుపోతే మిగిలేది ఖాళీ, దాన్ని సోడియం అయాను దాటలేదు. నికెల్, మాంగనీసు ఉన్న, పీ2 అనే పొరల అమరిక గల ఆక్సైడ్‌ను 4.2 వోల్టులు దాటించి ఛార్జ్ చేస్తే పొరలు జారి, ఘనపరిమాణం 20 శాతానికి పైగా తగ్గుతుంది. ఫాస్ఫేట్ చట్రం మాత్రం 3.4 వోల్టుల దగ్గర నిలకడగా పనిచేస్తూ, సుమారు 8 శాతమే మారుతుంది.

పొరలపక్షం: దాని సైద్ధాంతిక సామర్థ్యం గ్రాముకు 117 మిల్లీ ఆంపియర్ గంటలే కదా. సాంద్రత కూడా తక్కువ కనుక, అదే చోటులో అది ఇచ్చే శక్తి తక్కువ. 117 అన్న అంకెకు ముందు జవాబు చెప్పండి.

ఘటవేత్త: ఆ అంకె సోడియాన్ని నిల్వచేసే క్రియాశీల పదార్థానికి మాత్రమే వర్తిస్తుంది. కాథోడ్ మిశ్రమంలో మూడో వంతు బరువు ఎలక్ట్రోలైట్‌దే అయితే, మీ ఆక్సైడ్ సామర్థ్యం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

పొరలపక్షం: తగ్గితే రెండూ తగ్గుతాయి, తేడా అలాగే ఉంటుంది. నేను రెండేళ్లు ఫాస్ఫేట్‌తోనే పనిచేశాను. అది ఎలక్ట్రాన్లను సరిగా పంపదు కనుక కార్బన్ పూత తప్పలేదు. ఆ కార్బన్ తగిలిన చోటల్లా నేను వాడిన సల్ఫైడ్ (గంధకం ఉన్న) ఘన ఎలక్ట్రోలైట్ మరింత త్వరగా విచ్ఛిన్నమైంది. చివరికి ఆ వైఫల్యాన్ని నా చేతిపని లోపమని నా పర్యవేక్షకులు నివేదికలో రాశారు.

నిశితదృష్టి: మీరు చెప్పిన దోషం సల్ఫైడ్‌ది, ఫాస్ఫేట్‌ది కాదు.

ఘటవేత్త: నా అనుభవమూ వినండి. పొరల ఆక్సైడ్ పొడిని గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె) బయట ఒక్క రాత్రి ఉంచితే, తెల్లవారేసరికి అది గడ్డకట్టింది, పైన తెల్లటి పొర పేరుకుంది. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ సోడియాన్ని లాగి హైడ్రాక్సైడ్, కార్బొనేట్‌లుగా మార్చాయి. మూడు వారాల శ్రమ వృథా అయింది.

పొరలపక్షం: అది మీ అజాగ్రత్త, పదార్థం తప్పు కాదు. సోడియం, ఇట్రియం, జిర్కోనియం కలిసిన క్లోరైడ్ ఎలక్ట్రోలైట్‌తో సోడియం క్రోమియం ఆక్సైడ్ అనే పొరల ఆక్సైడ్ వెయ్యికి పైగా ఛార్జ్-డిశ్చార్జ్ చక్రాలు నిలిచిందని 2021లోనే ప్రచురితమైంది. దాన్ని చూడకుండా ఆక్సైడ్‌లను తోసిపుచ్చడం అన్యాయం.

ఘటవేత్త: చూశాను, అది మంచి పని. అయితే ఆ క్లోరైడ్ సోడియం లోహం పక్కన నిలవదు కనుక ఆనోడ్ (రుణ ధ్రువం) వైపు మరో ఎలక్ట్రోలైట్ పొర కావాలి. నా అభ్యంతరం ఆక్సైడ్ మీద కాదు. ఘటాన్ని (బ్యాటరీ సెల్‌ను) బయటి నుంచి బలంగా నొక్కిపట్టి కొలిచిన ఫలితంతో పదార్థం గుణాన్ని తేల్చడం మీద. ఆ ఒత్తిడి తీసేస్తే రేణువుల మధ్య స్పర్శ ఎన్ని చక్రాలు నిలుస్తుంది?

పొరలపక్షం: మొదటి నుంచీ ఇదే అడిగి ఉంటే ఇంత వాదన జరిగేది కాదు. నా ఘటాలన్నీ ఒత్తిడిలోనే నడిచాయి, తీసేసి కొలవలేదు. మీ ఫాస్ఫేట్ ఘటాలను ఒత్తిడి లేకుండా నడిపారా?

ఘటవేత్త: లేదు. నేనూ నొక్కిపట్టే నడిపాను.