యానిమల్ ఫామ్: అంతా నెపోలియన్ స్వభావం వల్లే జరిగిందా?

ప్రశ్న:
యజమానిని తరిమేసి జంతువులే పొలం నడుపుకునే ఈ జార్జ్ ఆర్వెల్ నవల మీద "పాత్రలు, అధికారం" అని వ్యాసం రాయాలి. నాయకత్వం కోసం పోటీపడే రెండు పందుల్లో నెపోలియన్ దుర్మార్గుడు, స్నోబాల్ మంచివాడు, బండిగుర్రం బాక్సర్ అమాయకుడు అని రాస్తే మూడు వాక్యాల్లో అయిపోతోంది. స్నోబాల్‌ను తరిమేసే అయిదో అధ్యాయమే మలుపు అనుకోవచ్చా? ఏ సన్నివేశాలు పట్టుకుంటే వాదన నిలబడుతుంది?

జవాబు 1:
అయిదో అధ్యాయం దాకా ఆగితే ఆలస్యమైపోతుందండీ. రెండో అధ్యాయం చివర పాల బకెట్ల దగ్గర మొదలుపెట్టండి. ఆవుల పొదుగులు నిండిపోతే పందులే పాలు పితుకుతాయి. అయిదు బకెట్లు నురగలు కక్కుతుంటాయి, చుట్టూ జంతువులన్నీ ఆశగా చూస్తుంటాయి. నెపోలియన్ ఆ బకెట్లకు అడ్డం నిలబడి, పాల సంగతి తర్వాత, ముందు కోత అంటాడు. కోతకు ముందు నడిచేది స్నోబాల్. సాయంత్రం తిరిగొచ్చేసరికి పాలు లేవు. రోజూ పందుల కుడితిలో కలుస్తున్నాయని మూడో అధ్యాయంలో బయటపడుతుంది. రాలిన ఆపిళ్లూ అక్కడికే. ప్రతిదానికీ కొట్టుకునే స్నోబాల్, నెపోలియన్‌లది ఈ విషయంలో ఒకే మాట! కథకు మలుపు ఇదేనని ఆర్వెల్ 1946లో ఒక ఉత్తరంలో చెప్పాడు కూడా. "స్నోబాల్ గెలిచి ఉంటేనా" అని రాయబోయే ముందు పాలు ఎవరు తాగారో గుర్తుంచుకోండి.

జవాబు 2:
పాల తర్వాత చదువు చూడండి. మూడో అధ్యాయంలో ఎవరికి ఎంత అక్షరజ్ఞానం ఉందో ఒక పేరాలో ఉంటుంది. అందరూ దాటేసే పేరా అది, కానీ అధికారం ఎవరి దగ్గర ఎంత ఉందో అందులోనే ఉంది. పందులకు చదవడం, రాయడం పూర్తిగా వచ్చు. మేక మ్యూరియల్ ఒక మోస్తరుగా చదువుతుంది. ఆడగుర్రం క్లోవర్‌కు అక్షరాలన్నీ వచ్చు, పదం కూర్చడం రాదు. బాక్సర్ నాలుగో అక్షరం దగ్గర ఆగిపోతాడు. గొర్రెలు మొదటి అక్షరమే దాటవు. గాడిద బెంజమిన్ పందులతో సమానంగా చదవగలడు, కానీ చదవడు.

ఇప్పుడు జంతువుల చట్టంగా గోడ మీద రాసిన ఏడు ఆజ్ఞలు ఎలా మారాయో చూడండి. పదో అధ్యాయంలో అన్నీ పోయి ఒక్కటే మిగిలేదాకా వాటిని చెరిపేయలేదు, చివర రెండు ముక్కలు తగిలించారంతే. మంచం మీద పడుకోకూడదు అన్నది దుప్పటి వేసి పడుకోకూడదు అయింది. తోటి జంతువును చంపకూడదు అన్నదానికి కారణం లేకుండా అని చేరింది. క్లోవర్‌కు అనుమానం వస్తుంది, కానీ చదవలేదు. చంపకూడదన్న ఆజ్ఞ చదివిపెట్టమంటే, ఇలాంటివాటిలో తలదూర్చనంటాడు బెంజమిన్. ఆమె వెళ్లి మ్యూరియల్‌ను తెచ్చుకుంటుంది. మ్యూరియల్ గోడ మీద ఉన్నది ఉన్నట్టు చదివిపెడుతుంది, అంతకుముందు ఏముండేదో రుజువు చెయ్యడానికి ఎక్కడా కాగితం లేదు. తన జ్ఞాపకమే తప్పనుకుని క్లోవర్ ఊరుకుంటుంది.

నెపోలియన్ తరఫున మాట్లాడే పంది స్క్వీలర్‌ను "అబద్ధాలకోరు" అని వదిలేయకండి. అతని పని నడిచేది ఈ ఖాళీలోనే. ఒక రాత్రి గోడ కింద విరిగిన నిచ్చెన, ఒలికిన తెల్లరంగు డబ్బా పక్కన అతను పడి దొరికినా ఎవరికీ ఏమీ అర్థం కాదు, బెంజమిన్‌కు తప్ప.

ప్రశ్న అడిగినవారు:
బాక్సర్ సంగతి? బలం అంతా అతని దగ్గరే కదా.

జవాబు 3:
అందుకు ఏడో అధ్యాయం. సభలో నెపోలియన్ పెంచిన మూడు కుక్కలు బాక్సర్ మీదికి దూకుతాయి. ఒకదాన్ని గాల్లోనే గిట్టతో ఆపి నేలకేసి అదిమిపెడతాడు. మిగతా రెండూ తోక ముడిచి పారిపోతాయి. అప్పుడు బాక్సర్ నెపోలియన్ వైపు చూస్తాడు, చంపమంటారా, వదలమంటారా అన్నట్టు. వదలమంటే గిట్ట ఎత్తేస్తాడు. వ్యాసంలో బాక్సర్‌కు ఒక్క సన్నివేశమే ఇవ్వాల్సివస్తే నేనైతే అతన్ని కబేళా బండెక్కించి పంపేది వదిలేసి ఇది తీసుకుంటాను. బలం ఉంది, దాన్ని వాడే నిర్ణయం మాత్రం ఎప్పుడో అప్పగించేశాడు. "అమాయకుడు" అంటే ఆ అప్పగింత కనబడదు.

కుక్కల లెక్క కూడా రాయండి: తొమ్మిది పిల్లలు. పాలు మానగానే, చదువు చెప్తానని నెపోలియన్ మూడో అధ్యాయంలోనే అటక మీదికి తీసుకెళ్తాడు. అవి బయటికొచ్చేది అయిదో అధ్యాయంలో.

ఇంకోటి, గొర్రెలు అరిచే "నాలుగు కాళ్లు మంచి, రెండు కాళ్లు చెడు" నినాదం స్నోబాల్ తయారుచేసిందే. ఏడు ఆజ్ఞలు బుర్రకెక్కనివాళ్ల కోసం కుదించి ఇచ్చాడు. తర్వాత అతని ఉపన్యాసాలను గొర్రెలు అరిచి ముంచేసింది దాంతోనే.

జవాబు 4:
పై మాటలన్నీ సరే. ఒక్క హెచ్చరిక: నెపోలియన్‌ను పిరికివాడిగా రాయకండి. జంతువులు కట్టుకున్న గాలిమర పేలినప్పుడు అన్ని జంతువులూ నేలకు కరుచుకుంటాయి, నెపోలియన్ తప్ప. మొదట ఆ "తప్ప" లేదు. నెపోలియన్ స్టాలిన్‌కు ప్రతిరూపం; జర్మన్లు ముంచుకొచ్చినా స్టాలిన్ మాస్కో వదల్లేదు కదా అని, 1945లో పుస్తకం అచ్చుకు ముందు ఆర్వెల్ అడిగి చేర్పించాడు.