ఇంట్లోకి ప్రింటర్: కార్ట్రిడ్జా, ఇంక్ ట్యాంకా?

ప్రశ్న

ప్రింట్, స్కాన్, కాపీ మూడూ చేసే ఇంక్‌జెట్ ఒకటి ఇంట్లోకి కొనాలనుకుంటున్నాం. నెలకు 80 పేజీల దాకా పడుతుంది. ఎక్కువగా పిల్లల వర్క్‌షీట్లు, అప్లికేషన్ ఫారాలు, కొంచెం కలర్ ప్రాజెక్టు పని, ఎప్పుడైనా ఫొటో. సెలవుల్లో రెండు మూడు వారాలు దాని జోలికే వెళ్లం. ఇంకు అయిపోతే డబ్బానే మార్చే కార్ట్రిడ్జ్ మోడళ్లు చాలా తక్కువకే వస్తున్నాయి, సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకు మోడల్‌కు అంత పెట్టాలా? వాడకపోతే ఇంకు ఎండిపోతుందంటారు, అదెంతవరకు నిజం?

జవాబు 1

80 పేజీలంటే ట్యాంకే తీసుకోండి. ప్రింటర్ ధర కాసేపు పక్కన పెట్టి, ఇంకు ధరను అది ఇచ్చే పేజీలతో భాగించండి. చవక ప్రింటర్లలో వాడే మామూలు కార్ట్రిడ్జ్ 100 నుంచి 200 పేజీలిస్తుంది. ట్యాంకు మోడళ్లలో నల్ల ఇంకు సీసా ఒక్కటే 4,500 నుంచి 6,000 పేజీల దాకా ఇస్తుంది. మీ వాడకానికి కార్ట్రిడ్జ్ నెల నుంచి రెండున్నర నెలల్లో అయిపోతే, ఆ సీసా ఏళ్ల తరబడి వస్తుంది.

అయితే డబ్బా మీద రాసే ఆ సంఖ్య ప్రింటర్‌ను వరసగా నడిపి కొలిచింది. రోజుకు రెండు పేజీలు తీసే ఇంట్లో ప్రింట్ హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) క్లీనింగుకు పోయే ఇంకు అందులో కనిపించదు, కొంత తగ్గించుకునే చూడండి. ప్రింటర్‌తో పాటు వచ్చే సెటప్ కార్ట్రిడ్జ్‌లో చాలాసార్లు ఇంకు తక్కువే పోసి ఇస్తారు. ట్యాంకులోనూ మొదటి సీసాల్లో కొంత పైపులు నిండడానికే సరిపోతుంది, అది చూసి కంగారు పడొద్దు.

మూడు రంగులూ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉండే మోడల్ అసలు వద్దు. పిల్లలు ప్రాజెక్టు కోసం సముద్రాలు, ఆకాశాలు ప్రింట్ చేస్తే సయాన్ (నీలం) ముందు ఖాళీ అవుతుంది. పసుపు, మెజెంటా (గులాబీ) సగం మిగిలున్నా మొత్తం పారేయాల్సిందే.

జవాబు 2

లెక్క సరైనదే, ఎండిపోవడం సంగతి నేను చెబుతాను. చవక కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి ప్రింట్ హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది, కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్డూ కొత్తదైపోతుంది. ట్యాంకు మోడళ్లలో హెడ్ ప్రింటర్‌లోనే ఉంటుంది. అందుకే నెలకు పది పేజీలు కూడా తీయని, నెలల తరబడి ముట్టుకోని ఇంటికి కార్ట్రిడ్జే నయం. మీకు ఆ సమస్య లేదు. రెండు మూడు వారాల విరామాన్ని ట్యాంకు ప్రింటర్ మామూలుగా తట్టుకుంటుంది.

ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం వారానికొకటి, నాలుగు రంగులూ పడే పేజీ తీయండి. ఆపేటప్పుడు ప్రింటర్ మీదున్న బటన్‌తోనే ఆపండి. పని మధ్యలో గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ తన రబ్బరు మూత మీదకు చేరదు, గాలి తగిలి నాజిల్స్ (ఇంకు వచ్చే సన్నని రంధ్రాలు) మూసుకుపోతాయి.

ప్రింట్‌లో తెల్ల చారలు వస్తే ముందు ప్రింటర్ మెనూలో ఉండే నాజిల్ చెక్ నమూనా పేజీ తీయండి. నమూనాలో గీతలు తెగి కనిపిస్తే ఒకసారి క్లీనింగ్, మళ్లీ చెక్. మూడుసార్లు చేసినా గీతలు అతుక్కోకపోతే అక్కడితో ఆపి, ఓ 12 గంటలు వదిలేసి అప్పుడు చూడండి. చాలాసార్లు ఈలోగా గడ్డకట్టిన ఇంకు మెత్తబడో, గాలి బుడగ సర్దుకునో దారికొస్తుంది. వెంటవెంటనే క్లీనింగ్ చేస్తూ పోతే ఆ ఇంకంతా వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి (వృథా ఇంకును పీల్చుకునే మెత్త) వెళ్తుంది. ప్యాడ్ నిండిందని లెక్క తేలగానే, ట్యాంకులో ఇంకున్నా ప్రింటర్ పని ఆపేస్తుంది. కొన్ని మోడళ్లలో దాని బదులు మనమే మార్చుకోగల మెయింటెనెన్స్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. కొనేముందు అది ఉందో లేదో తప్పక చూడండి. కలర్ టచ్ స్క్రీన్ కన్నా ఇది వంద రెట్లు ముఖ్యం.

అడిగినవారు

థాంక్సండీ, ట్యాంకుకే మొగ్గుతున్నాం. రెండు వైపులా ప్రింట్, పైన ఫీడర్ ఉన్న స్కానర్, వీటికి ఇంకొంచెం పెట్టొచ్చా? ఫోన్ నుంచి ప్రింట్ తప్పనిసరి.

జవాబు 3

ఆటో డ్యూప్లెక్స్‌కు (ప్రింటరే కాగితం తిప్పి రెండు వైపులా వేయడం) పెట్టండి, ఫీడర్ వదిలేయండి. చేత్తో తిప్పి పెట్టే పద్ధతిలో రెండు కాగితాలు అతుక్కుని ఒకేసారి లోపలికి పోతే అక్కడి నుంచి వెనక పేజీలన్నీ తారుమారు. పలచని కాగితమైతే ఇంకు అవతలికి కనిపిస్తుంది, 80 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) వాడండి. ఫీడర్ కట్టలు కట్టలు స్కాన్ చేసేవాళ్లకు. మీకు గాజు పలకే చాలు: పత్రాలకు 300 డీపీఐ (స్కాన్ స్పష్టత కొలత), పాత ఫొటోలకు 600.

ఫోన్ కోసం ఎయిర్‌ప్రింట్ (ఐఫోన్లకు), మోప్రియా (ఆండ్రాయిడ్ ఫోన్లకు) రెండూ ఉన్నాయేమో చూడండి. చవక ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. సెటప్‌లో రౌటర్ దొరకట్లేదంటే సాధారణంగా ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉండడమే కారణం.

నల్ల ఇంకు పిగ్మెంటా (సన్నని రంగు పొడి కలిపినది), డైనా (రంగు కరిగి ఉండేది) అన్నది కూడా అడగండి. ఫారాల మీద తడి చెయ్యి పడ్డా పిగ్మెంట్ చెదరదు, డై అలుక్కుపోతుంది. ఫొటో పేపర్ మీద మాత్రం డై రంగులే బాగా తేలతాయి. నల్లది పిగ్మెంట్, మిగతా మూడూ డై ఉన్న మోడల్ మీకు సరిగ్గా సరిపోతుంది.

ట్యాంకులు నింపాక ప్రింటర్‌ను పక్కకు ఒంచొద్దు. ఇంకో గదిలోకి మార్చాలన్నా నిటారుగానే ఎత్తండి, లేకపోతే పైపుల్లో గాలి చేరి మళ్లీ క్లీనింగుల్లో పడతారు.